వైద్య సహాయక శునకాలు: కూన దశలో పెంపకం, శిక్షణ

ఇన్సులిన్ వాడే మధుమేహ రోగికి రక్తంలోని చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గినప్పుడు సాధారణంగా చెమట పట్టడం, చేతులు వణకడం, గుండె దడ వంటి లక్షణాలు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి ఈ వ్యాధితో జీవిస్తున్న కొందరిలో ఈ ముందస్తు లక్షణాలు క్రమంగా కనుమరుగవుతాయి. అటువంటి వారు ప్రమాదాన్ని గుర్తించేలోపే స్పృహ తప్పవచ్చు. రాత్రి నిద్రలో ఇది జరిగితే ప్రాణాపాయం. ఈ స్థితిని వాసన ద్వారా పసిగట్టి యజమానిని తట్టి లేపే శునకాలను గత రెండు దశాబ్దాలుగా కొన్ని దేశాలలో తయారు చేస్తున్నారు.

ఈ శునకాల ప్రస్తావన రాగానే అందరి దృష్టి వాటి ఘ్రాణశక్తిపై నిలుస్తుంది. అయితే ఆరోగ్యవంతమైన ప్రతి శునకానికీ ఆ శక్తి పుట్టుకతోనే ఉంటుంది. ఒక నిర్దిష్టమైన వాసనను గుర్తించడం నేర్పడానికి పట్టే కాలం కూడా మొత్తం పెంపక కాలంతో పోలిస్తే తక్కువే. కూన మూడవ వారం నుండి పద్నాలుగవ వారం వరకు ఎక్కడ, ఎవరి చేతులలో పెరిగింది అన్న అంశంపై అది సహాయక శునకం కాగలదా, లేదా అన్నది చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఆ పెంపకంలో ఎక్కువ భాగం సాధారణ కుటుంబాల ఇళ్లలో జరుగుతుంది. శాస్త్రీయ విషయాన్ని కుటుంబాలకు అందించి, ఆచరింపజేసి, ఫలితాన్ని కొలవడం విస్తరణ శాస్త్రవేత్తలకు పరిచితమైన పని. ఈ దృష్టితో వైద్య సహాయక శునకాల పెంపకంలోని దశలను ఈ వ్యాసం వివరిస్తుంది.

పనిని బట్టి రకాలు

వైద్య రంగంలో పనిచేసే శునకాలను రెండు తెగలుగా విభజించవచ్చు. మొదటి తెగ గుర్తింపు శునకాలు. ఇవి ప్రయోగశాలలో మూత్రం, చెమట, శ్వాస నమూనాలను వాసన చూసి వ్యాధి ఉన్న నమూనాను వేరు చేస్తాయి. బ్రిటన్‌లో 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆరు శునకాలు మూత్రాశయ క్యాన్సర్ రోగుల మూత్ర నమూనాలను 54 ప్రయత్నాలలో 22 సార్లు, అనగా 41 శాతం, సరిగా గుర్తించాయి. యాదృచ్ఛికంగా అయితే ఇది 14 శాతం మాత్రమే ఉండేది.

రెండవ తెగ సహాయక శునకాలు. ఇవి ఒక రోగితో ఒకే ఇంట నివసిస్తూ ఆ వ్యక్తి కొరకే పనిచేస్తాయి. వీటిలో ప్రమాదానికి ముందే హెచ్చరించేవి కొన్ని, ప్రమాదం జరిగిన తరువాత సహాయపడేవి మరికొన్ని. ఉదాహరణకు మూర్ఛ రోగి వద్ద ఉండే స్పందన శునకం మూర్ఛ వచ్చినప్పుడు అలారం మీట నొక్కడం, రోగి పక్కనే పడుకొని ఉండడం, మందుల సంచి తీసుకొనిరావడం వంటి పనులు చేస్తుంది. ఈ పనులను ఏ క్రమశిక్షణ గల శునకానికైనా నేర్పవచ్చు. మూర్ఛకు ముందే హెచ్చరించడం దీనికి పూర్తిగా భిన్నమైన విషయం. ఈ రెండింటి మధ్య గల భేదాన్ని రోగి కుటుంబానికి ముందుగానే స్పష్టం చేయాలి.

శునకం పసిగట్టేది ఏమిటి?

మనిషి ముక్కులో వాసనను గ్రహించే కణాలు సుమారు 50 లక్షలు ఉండగా, శునకం ముక్కులో అవి 20 కోట్లకు పైగా ఉంటాయి. శ్వాస విడిచేటప్పుడు గాలి ముక్కు పక్కల ఉన్న చీలికల గుండా వెలుపలికి పోతుంది కనుక, లోపలికి వచ్చే వాసనలు చెదరకుండా ఉంటాయి.

శరీరంలో జీవక్రియలు మారినప్పుడు శ్వాసలోను, చెమటలోను వెలువడే ఆవిరి పదార్థాలు కూడా మారుతాయి. టైప్ 1 మధుమేహం ఉన్న మహిళలపై కేంబ్రిడ్జ్ పరిశోధకులు చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, చక్కెర పడిపోయినప్పుడు శ్వాసలో ఐసోప్రీన్ అనే పదార్థం పెరిగినట్లు తేలింది. శునకం గ్రహిస్తున్నది ఐసోప్రీన్‌నేనని దీనితో నిర్ధారణ కాలేదు గాని, గ్రహించదగిన రసాయన మార్పు జరుగుతున్నదని రుజువైంది. 2019లో ప్రచురితమైన మరొక అధ్యయనంలో ఐదు శునకాలు మూర్ఛ సమయంలో సేకరించిన నమూనాలను అదే రోగుల ఇతర సమయాల నమూనాల నుండి వేరు చేయగలిగాయి. బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయంలో 2022లో నాలుగు శునకాలు 36 మంది వ్యక్తుల నమూనాలలో మానసిక ఒత్తిడి వాసనను 93.75 శాతం ప్రయత్నాలలో సరిగా ఎన్నుకొన్నాయి. ఇవన్నీ నియంత్రిత పరిస్థితులలో వచ్చిన ఫలితాలు. ఇంట్లో, బజారులో, నిద్రవేళ అదే పని చేయాలంటే శునకానికి స్థిరమైన స్వభావం కావాలి. దానికి పునాది కూన దశలో పడుతుంది.

తల్లిదండ్రుల ఎంపిక, తొలి ఎనిమిది వారాలు

సహాయక శునకాల సంస్థలు ఎక్కువగా లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, ఈ రెండింటి సంకర జాతి, పూడిల్ కూనలను ఎంచుకొంటాయి. జాతి కంటే కూన తల్లిదండ్రుల ఆరోగ్యం, స్వభావం ముఖ్యం. తుంటి, మోచేతి కీళ్ల ఎక్స్‌రే, కంటి పరీక్ష చేయించి, దోషం లేని జంటను మాత్రమే సంతానోత్పత్తికి వాడాలి. శబ్దానికి బెదిరే స్వభావం కూడా కొంతవరకు వంశపారంపర్యంగా వస్తుంది. మనిషి చూపుడు వేలితో చూపిన దిక్కును అనుసరించే నేర్పు సుమారు ఎనిమిది వారాల వయస్సుకే కూనలలో కనిపిస్తుందని, కూనల మధ్య ఉన్న వ్యత్యాసంలో 40 శాతానికి పైగా జన్యుపరమైనదని 375 సహాయక శునక కూనలపై జరిపి 2021లో ప్రచురించిన పరిశోధన తెలిపింది.

తల్లి ప్రవర్తన కూడా ఫలితంపై ప్రభావం చూపుతుంది. అమెరికాలోని సీయింగ్ ఐ సంస్థలో 98 కూనలను పుట్టుక నుండి అనుసరించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో ఆశ్చర్యకరమైన విషయం వెల్లడైంది. తల్లి అతిగా అంటిపెట్టుకొని సాకిన కూనలు పెద్దయ్యాక శిక్షణలో ఎక్కువగా విఫలమయ్యాయి. తల్లి నిలబడి లేదా కూర్చొని పాలిచ్చినప్పుడు కూన శ్రమించి పాలు అందుకోవలసి వస్తుంది. అలా పెరిగిన కూనలు మెరుగ్గా రాణించాయి. చిన్న చిన్న ఇబ్బందులను తానే దాటడం అలవడిన కూన కొత్త పరిస్థితికి తట్టుకొంటుందని దీనిని బట్టి భావించవచ్చు.

సాంఘికీకరణ కాలం: నిరూపిత సత్యాలు

శునకాల ప్రవర్తనపై నేటికీ ఆధారంగా నిలిచిన పరిశోధన అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో గల జాక్సన్ ప్రయోగశాలలో జరిగింది. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు 1965లో తమ ఫలితాలను గ్రంథంగా వెలువరించారు. మూడవ వారం నుండి సుమారు పన్నెండవ వారం వరకు కూన మనుషులతోను, పరిసరాలతోను బంధం ఏర్పరచుకొనే కాలమని వారు గుర్తించారు. అదే ప్రయోగశాలకు సంబంధించి 1961లో ప్రచురితమైన ప్రయోగంలో కూనలను కంచె వేసిన మైదానంలో మనుషుల స్పర్శ లేకుండా పెంచి, వేర్వేరు వయస్సులలో ఒక్కొక్క వారం పాటు మనుషుల మధ్యకు తెచ్చారు. ఐదు నుండి తొమ్మిది వారాల మధ్య పరిచయమైన కూనలు సులువుగా కలిసిపోయాయి. 14 వారాల వరకు మనిషిని ఎరుగని కూనలు ఆ తరువాత ఎంత ప్రయత్నించినా భయాన్ని పూర్తిగా వీడలేదు.

ఇదే విషయాన్ని క్షేత్రస్థాయిలో క్లారెన్స్ ఫాఫెన్‌బర్గర్ చూపారు. కాలిఫోర్నియాలోని గైడ్ డాగ్స్ ఫర్ ది బ్లైండ్ సంస్థలో కూనలకు 12 వారాల వరకు పరీక్షలు జరిపి, అందులో నెగ్గిన వాటిని పెంపక కుటుంబాలకు అప్పగించేవారు. పరీక్ష ముగిసిన వారం లోపల ఇంటికి చేరిన కూనలలో సుమారు 90 శాతం మార్గదర్శక శునకాలయ్యాయి. మూడు వారాలకు మించి కెన్నెల్‌లోనే ఉండిపోయిన వాటిలో ఈ శాతం 30కి పడిపోయింది. రెండు వర్గాల కూనలూ అవే పరీక్షలలో నెగ్గినవి. వాటి మధ్య ఉన్న తేడా కెన్నెల్‌లో వృథా అయిన కొద్ది వారాలు మాత్రమే.

టీకాలు, సాంఘికీకరణ: రెండింటి సమన్వయం

కూన ఇంట్లో అడుగుపెట్టే సమయానికి రెండు అవసరాలు ఒకదానికొకటి అడ్డు వస్తాయి. తల్లి పాల ద్వారా లభించిన రక్షణ ఆరవ వారం నుండి 16వ వారం మధ్య క్రమంగా తగ్గుతుంది. ఆ రక్షణ మిగిలి ఉన్నంతవరకు టీకా పూర్తిగా పనిచేయకపోవచ్చు. అందువలన పార్వో, డిస్టెంపర్ టీకాలను ఆరు నుండి ఎనిమిది వారాల వయస్సులో మొదలుపెట్టి, రెండు నుండి నాలుగు వారాల వ్యవధితో 16 వారాలు నిండే వరకు కొనసాగిస్తారు. రేబిస్ టీకాను సాధారణంగా 12 వారాలు నిండిన తరువాత వేస్తారు. టీకాలన్నీ పూర్తయ్యే వరకు కూనను గడప దాటనీయవద్దని సలహా ఇస్తే వ్యాధి నుండి రక్షణ లభిస్తుంది గాని, సాంఘికీకరణ కాలం అప్పటికి ముగిసిపోతుంది.

మొదటి టీకా వేసి, నట్టల మందు తాగించి కనీసం ఏడు రోజులు గడిచిన తరువాత, ఏడు ఎనిమిది వారాల వయస్సు నుండే కూనలకు శుభ్రమైన చోట సాంఘికీకరణ తరగతులు మొదలుపెట్టవచ్చని అమెరికాలోని పశువైద్య ప్రవర్తనా శాస్త్రజ్ఞుల సంఘం సూచించింది. వీధి కుక్కల సంచారం, రేబిస్ బెడద ఉన్న మన ప్రాంతాలలో దీనిని మరింత జాగ్రత్తగా అన్వయించుకోవాలి. కూనను చేతులలో గాని బుట్టలో గాని ఉంచుకొని బస్టాండు, సంత, బడి ఆవరణ చూపించవచ్చు. నేలపై వదలకూడదు. టీకాలు పూర్తయిన, ఆరోగ్యంగా ఉన్న పెంపుడు కుక్కలతో మాత్రమే ఇంటి ఆవరణలో కలవనివ్వాలి. పార్వో వైరస్ నేలపై నెలల తరబడి జీవించగలదు కనుక, గతంలో ఆ వ్యాధి సోకిన ఇంటిని పెంపకానికి ఎంపిక చేయకూడదు.

వయస్సును బట్టి చేపట్టవలసిన పనులు

• 0–2 వారాలు: కళ్లు, చెవులు ఇంకా తెరుచుకోని దశ. వెచ్చదనం, తల్లి పాలు, పరిశుభ్రత ప్రధానం. రోజూ బరువు తూచాలి. కొన్ని నిమిషాల పాటు మృదువుగా చేతులలోకి తీసుకోవాలి.
• 3–5 వారాలు: వేర్వేరు నేలలు, చిన్న చిన్న శబ్దాలు, పలువురు మనుషుల స్పర్శ పరిచయం చేయాలి. తోబుట్టువులతో ఆడుకొంటూ కరిచే బలాన్ని అదుపు చేసుకోవడం ఈ దశలోనే నేర్చుకొంటాయి.
• 6–8 వారాలు: స్వభావ పరీక్ష, మొదటి టీకా. ఎనిమిది వారాలు నిండాక పెంపక కుటుంబానికి అప్పగించాలి.
• 8–14 వారాలు: పిల్లలు, వృద్ధులు, చేతికర్ర, చక్రాల కుర్చీ, కుక్కరు ఈల, ఉరుము, టపాకాయల శబ్దం దూరం నుండి మొదలుపెట్టి క్రమంగా పరిచయం చేయాలి. కూన బెదిరితే దూరం పెంచాలి, బలవంతం చేయరాదు.
• 4–12 నెలలు: పిలిస్తే రావడం, కూర్చోవడం, బల్ల కింద నిశ్శబ్దంగా పడుకోవడం, నేలపై పడిన ఆహారాన్ని ముట్టకపోవడం, చెప్పిన చోట మలమూత్ర విసర్జన చేయడం నేర్పాలి. లిఫ్టు, రైలు, ఆసుపత్రి వరండా అలవాటు చేయాలి.
• 12–18 నెలలు: ఆరోగ్య, స్వభావ పరీక్షలు, వాసన శిక్షణ, రోగితో జత కలపడం.

హెచ్చరిక శునకం పెంపకంలో ఒక ప్రత్యేకత ఉంది. సాధారణ విధేయతా శిక్షణలో శునకం ఆజ్ఞ కొరకు ఎదురుచూడాలి. హెచ్చరిక శునకం మాత్రం ఎవరూ అడగకపోయినా, యజమాని పనిలో ఉన్నా, విసుక్కొన్నా, వచ్చి తట్టాలి. చిన్ననాడు మూతితో పొడిచినప్పుడల్లా దెబ్బ తిన్న కూన పెద్దయ్యాక ఆ చొరవ చూపదు. కనుక తిట్టడం, కొట్టడం పూర్తిగా మాని, కోరిన ప్రవర్తనకు వెంటనే తినుబండారంతో గాని ఆటతో గాని ప్రోత్సాహం ఇవ్వాలి.

పెంపక కుటుంబానికి ఇచ్చే సూచనలలో ఆహార జాగ్రత్తలు తప్పక ఉండాలి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరలు, ద్రాక్ష, చాక్లెట్ శునకాలకు హానికరం. చక్కెర లేని చూయింగ్ గమ్, మిఠాయిలలో వాడే జైలిటాల్ శునకం రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా తగ్గిస్తుంది. మధుమేహ రోగి ఇంట్లో ఇటువంటి పదార్థాలు ఉండే అవకాశం ఎక్కువ కనుక వాటిని శునకానికి అందనీయకూడదు. వేసవిలో ఉదయం, సాయంత్రం మాత్రమే నడిపించాలి. పిడుదుల ద్వారా వచ్చే ఎర్లీషియోసిస్ వంటి వ్యాధుల నివారణకు పశువైద్యుని సలహాపై మందు వాడాలి.

పెంపక కుటుంబం: విస్తరణ అనుభవం

కూనలను కుటుంబాల ద్వారా పెంచే విధానానికి, వ్యవసాయ విస్తరణకు పాత సంబంధం ఉంది. అమెరికాలో 1914 నాటి స్మిత్-లీవర్ చట్టంతో వ్యవసాయ విశ్వవిద్యాలయాల విస్తరణ సేవలు ఏర్పడ్డాయి. గ్రామీణ బాలబాలికల కొరకు నడిచే 4-హెచ్ క్లబ్బులు అందులో భాగమయ్యాయి. న్యూజెర్సీలోని సీయింగ్ ఐ సంస్థ 1942లో ఈ క్లబ్బులతో కలిసి కూనల పెంపకాన్ని ప్రారంభించింది. దూడను, కోళ్లను పెంచి లెక్కలు రాసే పద్ధతిలోనే పిల్లలు కూనను పెంచి, క్లబ్బు సమావేశాలకు తెచ్చి, ఏడాదికి పైగా సాకిన తరువాత తిరిగి సంస్థకు అప్పగించేవారు.

ఈ విధానం నిలబడడానికి కారణాలు విస్తరణ విద్యార్థులకు కొత్తవి కావు. స్థానిక నాయకుడు, క్రమం తప్పని సమావేశం, ఇంటి సందర్శన, రాతపూర్వకమైన రికార్డు, సందేహం వచ్చిన వెంటనే అడగడానికి అందుబాటులో ఉండే ఒక మనిషి. కూనను తిరిగి అప్పగించే రోజు కుటుంబానికి బాధాకరం. ఆ విషయాన్ని మొదటి రోజే వివరించి, ఒప్పించిన తరువాతనే కూనను ఇవ్వాలి.

వాసన శిక్షణ

మధుమేహ హెచ్చరిక శిక్షణకు రోగి చెమట నమూనాలు కావాలి. గ్లూకోమీటర్‌లో చక్కెర 70 కంటే తక్కువ చూపినప్పుడు శుభ్రమైన గాజు గుడ్డతో చర్మాన్ని తుడిచి, గాజు సీసాలో మూతపెట్టి, డీప్ ఫ్రీజర్‌లో భద్రపరుస్తారు. ప్రమాదానికి చికిత్స ముందు, నమూనా సేకరణ తరువాత అన్న నియమాన్ని ఎన్నడూ తప్పరాదు. అదే వ్యక్తి నుండి చక్కెర సాధారణంగా ఉన్న వేళలలో కూడా అదే గుడ్డ, అదే సీసా, అదే పద్ధతిలో నమూనాలు సేకరించాలి. లేనియెడల శునకం చక్కెర తగ్గిన వాసనకు బదులు చేతి తొడుగు వాసననో, ఫ్రీజర్‌లో ఉంచిన కాలాన్నో నేర్చుకొంటుంది.

మొదట నమూనాను వాసన చూసిన ప్రతిసారీ బహుమతి ఇస్తారు. తరువాత ఖాళీ సీసాల మధ్య, ఆపైన సాధారణ నమూనాల మధ్య దానిని గుర్తింపజేస్తారు. గుర్తించిన వెంటనే మోకాలిని మూతితో తట్టడం, కాలు వేయడం, గ్లూకోమీటర్ సంచి తేవడం వంటి ఒక స్పష్టమైన సంకేతాన్ని జోడిస్తారు. చివరగా నమూనాను మనిషి దుస్తులలో దాచి, వేర్వేరు గదులలో, బయట, రాత్రివేళ అభ్యాసం చేయిస్తారు. రోగితో జత కలిపిన తరువాత ప్రతి హెచ్చరికకూ రక్త పరీక్ష చేసి, సరైనదైతేనే బహుమతి ఇవ్వడం జీవితాంతం కొనసాగవలసిన పని.

ఫలితాల కొలత

శిక్షకుని చూపు, శ్వాస, నిలబడే తీరు నుండి కూడా శునకం సమాధానం గ్రహించగలదు. 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 18 శునక-శిక్షక జతలను ఏ లక్ష్య వాసనా లేని గదులలో వెదికించగా, వాసన ఉందని శిక్షకులు నమ్మిన చోట తప్పుడు సంకేతాలు వచ్చాయి. అందువలన ఏ సీసాలో ఏమున్నదో శిక్షకునికి, పరిశీలకునికి కూడా తెలియని విధంగా తుది పరీక్ష జరపాలి.

రెండు సంఖ్యలను వేరువేరుగా అడగాలి. చక్కెర పడిపోయిన సందర్భాలలో ఎన్నింటిని శునకం పట్టుకొంది? శునకం ఇచ్చిన హెచ్చరికలలో ఎన్ని నిజమయ్యాయి? బ్రిటన్‌లో 2008లో స్థాపించిన మెడికల్ డిటెక్షన్ డాగ్స్ సంస్థ శిక్షణ ఇచ్చిన 27 శునకాలపై బ్రిస్టల్ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో, చక్కెర తగ్గిన సందర్భాలలో మధ్యస్థంగా 83 శాతం, పెరిగిన సందర్భాలలో 67 శాతం శునకాలు గుర్తించాయి. హెచ్చరికలలో 81 శాతం సరైనవి. శునకానికి శునకానికి మధ్య వ్యత్యాసం మాత్రం ఎక్కువగా కనిపించింది. అమెరికాలో ఎనిమిది మంది వద్ద ఉన్న శునకాలపై 2017లో ప్రచురితమైన అధ్యయనంలో ఆ సంఖ్యలు 36 శాతం, 12 శాతం మాత్రమే. అనగా వంద హెచ్చరికలలో 88 తప్పుడువి. మొదటిది యజమానులు రాసిన రక్త పరీక్షల రికార్డుపై ఆధారపడగా, రెండవది శరీరానికి అమర్చిన నిరంతర గ్లూకోజ్ కొలత పరికరంతో పోల్చి చూసింది. ఎంపిక, శిక్షణ, కొలిచే పద్ధతి మారితే ఫలితం ఎంతగా మారుతుందో ఈ రెండు అధ్యయనాలు తెలుపుతున్నాయి. శునకం గ్లూకోమీటర్‌కు అదనపు రక్షణ మాత్రమేనని, దానికి ప్రత్యామ్నాయం కాదని రోగికి నిస్సందేహంగా చెప్పాలి.

మన పరిస్థితులలో

మన దేశంలో సుమారు 10.1 కోట్ల మంది మధుమేహంతో ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. వీరిలో హెచ్చరిక శునకం అవసరమయ్యేది ఇన్సులిన్ వాడుతూ ముందస్తు లక్షణాలు కోల్పోయిన కొద్దిమందికే. వాసన శిక్షణలో దేశానికి అనుభవం ఉంది. భారత సైన్యం 2021 ఫిబ్రవరిలో చెమట, మూత్ర నమూనాల ద్వారా కోవిడ్‌ను గుర్తించే శునకాలను ప్రదర్శించింది. వాటిలో కాకర్ స్పానియల్‌తో పాటు తమిళనాడుకు చెందిన చిప్పిపారై జాతి శునకాలు ఉండడం గమనార్హం. తెలంగాణలోని మొయినాబాద్‌లో పోలీసు శునకాల శిక్షణ జరుగుతున్నది. తిరుపతి, హైదరాబాద్‌లలో పశువైద్య విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఎనిమిది వారాలు నిండని కూనను విక్రయించరాదని 2017 నాటి శునకాల పెంపకం, విక్రయ నియమాలు నిర్దేశిస్తున్నాయి. ఈ వనరుల మధ్య లోపించిన అంశం శిక్షితమైన పెంపక కుటుంబాలు. విస్తరణ విభాగాలు చొరవ తీసుకోదగిన చోటు ఇదే.

ముగింపు

సహాయక శునకం పెంపకంలో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం తగని శునకాన్ని సకాలంలో పక్కకు తప్పించడం. ఏడాదిన్నర శ్రమ, ఖర్చు, కుటుంబం పెంచుకొన్న మమకారం దానికి అడ్డు నిలుస్తాయి. అయినా శబ్దానికి బెదిరే శునకాన్ని, పరీక్షలో నిలకడ చూపని శునకాన్ని రోగికి అప్పగిస్తే, ఆ రోగి రాత్రి చేసుకోవలసిన పరీక్షను మాని శునకంపై భరోసా ఉంచి నిద్రపోతాడు. అటువంటి శునకం మంచి పెంపుడు జంతువుగా ఒక ఇంట హాయిగా జీవించగలదు. ఈ రంగంలో ప్రవేశించే విద్యార్థులు కూన పుట్టిన రోజు నుండి బరువు, టీకాలు, పరిచయం చేసిన అనుభవాలు, భయపడిన సందర్భాలు, తప్పిన హెచ్చరికలు అన్నింటినీ తేదీలతో నమోదు చేయడం మొదట అలవరచుకోవాలి. శునకాన్ని రోగికి అప్పగించాలా, తప్పించాలా అన్న నిర్ణయానికి ఆ రికార్డే ఆధారం కావాలి.